గుండె దడ, పొటాషియం: నా అనుభవం

మొన్న ఎండాకాలం, హన్మకొండలో రాత్రి కూడా వేడి తగ్గని రోజులవి. పడుకోగానే గుండె ఒక దెబ్బ మరిచిపోయి, తర్వాతది గట్టిగా కొట్టినట్టు ఉండేది. పిక్కలు రాయిలా బిగుసుకుపోయేవి. టెన్షన్ అనుకుని వారం ఊరుకున్నాను. అది నా తప్పు.

ఈసీజీ తీశాక డాక్టర్ రక్తంలో పొటాషియం చూపించమన్నారు. 2.9 వచ్చింది. 3.5కు తగ్గకూడదు. మెగ్నీషియం కూడా తక్కువే. నేను రోజూ వేసుకునే బీపీ గోలీలో మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు ఉందట. అది ఉప్పుతో పాటు పొటాషియాన్నీ బయటికి పంపేస్తుంది. మెగ్నీషియం తగ్గితే కిడ్నీలు పొటాషియాన్ని పట్టి ఉంచలేవు, అందుకే రెండూ కలిపి సరిచేయాలన్నారు.

గోలీ మార్చారు. పొటాషియం సిరప్‌ను గ్లాసు నీళ్లలో కలిపి తాగాలి. ఉప్పూ చేదూ కలిసిన రుచి, గొంతు దిగదు. మా ఆవిడ పక్కనే నిలబడి "మొత్తం తాగండి" అనేది. పప్పు, పాలకూర పెంచింది, తొక్కు తగ్గించింది. రెండు వారాలకు 4.1కి వచ్చింది, దడ పోయింది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా: ఇది చదివి సిరప్ కొని తాగకండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పొటాషియం పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. బీపీ గోలీ మీ అంతట మీరు ఆపకండి. ముందు రక్తపరీక్ష చేయించుకోండి.