నెట్‌వర్కింగ్ ఉద్యోగానికి సర్టిఫికెట్ ముందా, అనుభవం ముందా? కర్నూలు, కడప, అనంతపురం నుంచి మొదలుపెట్టేవాళ్లు ఏం చేయాలి?

సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ పాసైతే ఉద్యోగం వచ్చినట్టేనని కొందరంటారు. పని వస్తే చాలు, కాగితం ఎందుకని ఇంకొందరంటారు. రెండూ సగం నిజాలే. సర్టిఫికెట్ ఉంటే మీ దరఖాస్తును పక్కన పడేయరు. ఇంటర్వ్యూలో కూర్చున్నాక మాత్రం మీరు సరిచేసిన ఫాల్టుల గురించే అడుగుతారు. అందుకే ఈ రెండింటిలో మీ దగ్గర ఏది లేదో దాన్ని ముందు సంపాదించుకోవాలి.

మీరిప్పుడు ఎక్కడున్నారు?

బీటెక్, డిగ్రీ, డిప్లొమా చివరి ఏడాదిలో ఉండి పని అనుభవం ఏమీ లేకపోతే సీసీఎన్‌ఏతో మొదలుపెట్టండి. కేబుల్ ఆపరేటర్ దగ్గరో, సీసీ కెమెరాల షాపులోనో, ఆసుపత్రి సిస్టమ్స్ విభాగంలోనో రెండు మూడేళ్లుగా చేస్తున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు చేతిలో పని ఉంటుంది, దాన్ని చెప్పే మాటే ఉండదు. 'నెట్ రాలేదు, స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేశా' అంటే ఇంటర్వ్యూ అక్కడే ఆగిపోతుంది. వీళ్లు పరీక్షకు చదువుతూనే, చేసిన పనిని రాసిపెట్టుకోవడం ఈరోజే మొదలుపెట్టాలి.

ఇప్పటికే నెట్‌వర్క్ ఇంజినీరుగా ఉన్నవారికి సీసీఎన్‌ఏ తర్వాతి స్థాయి సర్టిఫికెట్ సీసీఎన్‌పీ ఎంటర్‌ప్రైజ్ సరైన మెట్టు. 350-401 కోర్ పరీక్షతో పాటు నచ్చిన విభాగంలో ఇంకొక పరీక్ష రాయాలి. ఉద్యోగం లేకుండా దీని జోలికి వెళ్లొద్దు. ఆ సర్టిఫికెట్ చూసి అడిగే ప్రశ్నలు నడుస్తున్న నెట్‌వర్క్ మీద చేసిన పని గురించి ఉంటాయి. ల్యాబ్ తెలిసినంత మాత్రాన వాటికి జవాబు దొరకదు.

ల్యాబ్‌లో కట్టడం కంటే చెడగొట్టడం ముఖ్యం

సీసీఎన్‌ఏ పరీక్ష కోడ్ 200-301. వ్యవధి 120 నిమిషాలు, ఫీజు 300 డాలర్లు, పన్ను అదనం. సిలబస్‌లో ఐపీ కనెక్టివిటీకి 25 శాతం, ఫండమెంటల్స్‌కు 20, నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20, సెక్యూరిటీకి 15, ఐపీ సర్వీసెస్‌కు 10, ఆటోమేషన్‌కు 10 శాతం ఉంటాయి. చాలామంది సబ్‌నెట్టింగ్ (ఐపీ అడ్రస్‌లను చిన్న భాగాలుగా విడగొట్టే లెక్క) దగ్గరే నెలలు గడిపేసి సెక్యూరిటీ, ఆటోమేషన్ వదిలేస్తారు. అంటే పావు వంతు పేపర్ వదులుకున్నట్టే.

కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ కట్టి చూసే సాఫ్ట్‌వేర్ సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. రెండు స్విచ్‌లు, ఒక రౌటర్ పెట్టి వీలాన్ 10, వీలాన్ 20 (ఒకే స్విచ్‌లో వేరువేరు నెట్‌వర్క్‌లు) కట్టండి. రౌటర్ నుంచి డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు ఐపీ అడ్రస్ దానంతటదే ఇచ్చే సేవ) ఇవ్వండి. అన్నీ పింగ్ అయ్యాక ఒక్కో సెట్టింగ్ చెడగొట్టి, లక్షణం ఎలా కనిపిస్తుందో చూడండి.

ఒక ఉదాహరణ. ట్రంక్ (చాలా వీలాన్లను మోసే లింకు) మీద వీలాన్ 10 వెళ్తోంది, 20 కూడా కలపాలి. 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ యాడ్ 20' అని కొట్టాలి. 'యాడ్' మరిచిపోతే పాత జాబితా మొత్తం పోయి 20 ఒక్కటే మిగులుతుంది. పోర్టు లైట్లు పచ్చగానే వెలుగుతుంటాయి. వీలాన్ 10లోని కంప్యూటర్లకు మాత్రం అడ్రస్ లీజు (గడువు) అయిపోయాకో, రీస్టార్ట్ చేశాకో 169.254తో మొదలయ్యే అడ్రస్ వస్తుంది, అంటే డీహెచ్‌సీపీ అందలేదని అర్థం. కేబుల్ మార్చినా, కంప్యూటర్ మార్చినా ఫలితం ఉండదు. 'షో ఇంటర్ఫేసెస్ ట్రంక్' కొడితే కారణం ఒక్క చూపులో తెలుస్తుంది. ఇదంతా పుస్తకంలో ఒక వాక్యమే. మీ చేత్తో ఒకసారి చెడగొట్టి చూస్తే ఇక మరిచిపోరు.

ఇంకో అలవాటు కూడా ఇక్కడే చేసుకోండి. దూరంలో ఉన్న స్విచ్‌లో మార్పు చేసే ముందు 'రీలోడ్ ఇన్ 10' కొట్టండి. మార్పు తప్పై మీ కనెక్షనే తెగిపోతే, పది నిమిషాల్లో స్విచ్ రీస్టార్టై సేవ్ చేసి ఉన్న పాత సెట్టింగ్‌కు వస్తుంది. అంతా బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టి, ఆ తర్వాతే సేవ్ చేయండి. నడుస్తున్న నెట్‌వర్క్‌లో రీలోడ్ అంటే కొన్ని నిమిషాలు అందరికీ నెట్ ఆగుతుంది కాబట్టి పని వేళలు అయ్యాక చేయాలి.

వీలైతే పాత సిస్కో 2960 స్విచ్ ఒకటి కొనండి. అనంతపురం నుంచి బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎంతో దూరం కాదు. కొనే ముందు దుకాణంలోనే కన్సోల్ కేబుల్ (స్విచ్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు కలిపే తీగ) పెట్టి, వేగం 9600గా పెట్టుకుని, బూట్ అవుతోందో లేదో చూడండి.

అనుభవం ఇక్కడే దొరుకుతుంది

నెట్‌వర్క్ పని నేర్చుకోవాలంటే మహానగరానికే వెళ్లాలన్న నియమం లేదు. యర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. గని, శకునాల దగ్గర పెద్ద సోలార్ పార్కు ఉంది. ప్రతి ఊళ్లో ఫైబర్ ఇచ్చే కేబుల్ ఆపరేటర్లున్నారు. ఫైబర్ పని చిన్నదని అనుకోవద్దు. ఓఎన్‌యూ (ఇంట్లో పెట్టే ఫైబర్ పెట్టె) మీద ఎర్ర లైటు వెలిగితే పవర్ మీటర్ పెట్టి కాంతి బలం చూడండి. జీపాన్‌లో (ఇళ్లకు ఫైబర్ ఇచ్చే పద్ధతి) మామూలుగా మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ 27కి దగ్గరపడితే కనెక్షన్ వస్తూ పోతూ ఉంటుంది. ముందు కనెక్టర్ శుభ్రం చేయండి. తర్వాత కేబుల్ ఎక్కడైనా మడత పడిందేమో చూడండి. ఆకుపచ్చ కనెక్టర్‌కు నీలం కనెక్టర్ తగిలించారేమో కూడా చూడాలి. వీటి ముఖాల కోణం వేరు కాబట్టి నష్టం పెరుగుతుంది.

ఇలాంటి ప్రతి పనినీ నోట్‌బుక్‌లో రాయండి: తేదీ, ఏం కనిపించింది, ఏ వరుసలో ఏం చూశారు, అసలు కారణం ఏంటి, ఎంతసేపు నెట్ ఆగింది. కస్టమర్ల పాస్‌వర్డ్‌లు, పబ్లిక్ ఐపీలు రాయొద్దు. ఇలాంటివి నలభై పేజీలుంటే ఇంటర్వ్యూలో 'ఒక కష్టమైన ఫాల్ట్ చెప్పండి' అన్నప్పుడు తడుముకోరు.

పరీక్ష బుక్ చేసేటప్పుడు

పేరు జాగ్రత్త. గుర్తింపు కార్డులో ఉన్న పేరు, పరీక్షకు నమోదు చేసుకున్న పేరు ఒకేలా ఉండాలి. మనకు పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండడం మామూలే. ఏ కార్డు చూపిస్తారో ముందే తేల్చుకుని అందులో ఉన్నట్టే నమోదు చేయండి.

ఇంటి నుంచి కూడా రాయొచ్చు. కానీ మధ్యలో కరెంటు పోతే వైఫై పోతుంది, పరీక్ష ఆగిపోవచ్చు. యూపీఎస్ లేని ఇంట్లో 300 డాలర్లు పణంగా పెట్టొద్దు. సెంటర్‌కు వెళ్లి రాయడమే మేలు.

డంపులు (బయటికి లీకైన పరీక్ష ప్రశ్నలు) బట్టీ పట్టి పాసైనవాళ్లు ఇంటర్వ్యూ మొదలైన కాసేపటికే దొరికిపోతారు. డంపులు వాడినట్టు తేలితే సిస్కో సర్టిఫికెట్ రద్దు చేయగలదు.

రెజ్యూమెలో ఏం రాయాలి?

'నెట్‌వర్కింగ్‌లో మంచి పరిజ్ఞానం' అని రాస్తే ఎవరూ నమ్మరు. 'ముప్పై కంప్యూటర్ల కాలేజీ ల్యాబ్‌లో వీలాన్ విడదీత, ట్రంక్ ఫాల్టుల పరిష్కారం' అని, మీరు నిజంగా చేసిన పని రాయండి. ల్యాబ్‌లో చేసింది ల్యాబ్ అనే రాయండి, దానికీ విలువ ఉంటుంది.

డబ్బు తీసుకుని మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ లెటర్ ఇస్తామనేవాళ్లకు దూరంగా ఉండండి. కంపెనీలు యూఏఎన్ (పీఎఫ్ ఖాతా గుర్తింపు) నంబరుతో పీఎఫ్ చరిత్ర చూస్తాయి. లెటర్‌లోని కంపెనీ పేరుతో పీఎఫ్ జమ లేకపోతే చేరిన తర్వాత కూడా తీసేస్తారు. దాని బదులు చిన్న ఆపరేటర్ దగ్గర పనిచేసినా సరే, జీతం బ్యాంకు ఖాతాలో పడేలా చూసుకోండి. అనుభవానికి అదే రుజువు.

సీసీఎన్‌ఏ గడువు 3 ఏళ్లు. ఆలోపు 30 కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ క్రెడిట్లు తెచ్చుకున్నా, అర్హమైన పరీక్ష ఏదైనా పాసైనా కొనసాగుతుంది. గడువు దాటితే మళ్లీ మొదటి నుంచి పరీక్ష రాయాలి. పాసైన రోజే, గడువుకు ఆరు నెలల ముందు తేదీని ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టుకోండి.