చేతినిండా పనులు, 4వ పాఠం: గుర్తులు కాదు, అంకెలు

పోయిన పాఠంలో పనులన్నీ ఒక కాగితం మీద రాసి, ముందు చేయవలసినవాటికి ఎర్ర గుర్తు పెట్టమన్నాను. మీరు పంపిన అభ్యాసాలన్నీ చదివాను. ఒకరి కాగితంలో పద్నాలుగు పనులుంటే పదకొండింటికి ఎర్ర గుర్తే. ఎన్నింటికి పెట్టాలో నేను చెప్పకపోవడం వల్లే ఇలా జరిగింది. అందుకే పనులు అప్పగించడం గురించిన పాఠాన్ని వచ్చేసారికి జరిపి, ముందు దీన్ని సరిచేస్తాను.

గుర్తులు కొట్టివేసి అంకెలు వేయండి. ఒక అంకె ఒక్క పనికే. "ఈ రెండూ సమానమే మాస్టారూ" అని ఇద్దరు ముగ్గురు రాశారు. ముఖ్యమైనవి రెండూ కావచ్చు, కానీ ఈ గంటలో మీరు కూర్చునేది ఒకదాని ముందే. ఏది ఆగితే మరొకరి చేతిలో పని ఆగిపోతుందో దానికి ముందు అంకె. అప్పటికీ తేలకపోతే నేను చిన్న పనిని ముందు ముగిస్తాను. ఇద్దరు అధికారులు తమదే ముందంటే, అంకెలు వేసిన కాగితం ఇద్దరికీ చూపించండి. ఆ తగవు మీరు మోయవలసింది కాదు.

"అన్నీ కొంచెం కొంచెం చేస్తే అన్నీ కదులుతాయి కదా?" ఎక్కువమంది పడే గుంట ఇదే. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ ఎదురవుతోంది కాబట్టి ఈసారి లెక్క వేసి చూపిస్తాను. నివేదిక, లెక్కల తనిఖీ, శిక్షణ తరగతి ఏర్పాట్లు అని మూడు పనులనుకోండి. ఒక్కొక్కటి 3 రోజుల పని. రోజుకొకటి చొప్పున మార్చి మార్చి చేస్తే అవి 7, 8, 9 రోజులకు పూర్తవుతాయి. ఒకటి ముగించి మరొకటి పడితే 3, 6, 9 రోజులకు. చివరిది ఎలా చేసినా 9వ రోజే. మొదటిది 4 రోజులు, రెండోది 2 రోజులు ముందుగా చేతికొచ్చాయి, మూడోదానికి ఒక్క రోజు కూడా నష్టం లేదు. పని మారినప్పుడు పోయే సమయాన్ని ఈ లెక్కలో కలపనేలేదు. పూర్తికాని పనిని వదిలి మరోదానికి వెళితే మనసు కొంత వెనకే ఉండిపోతుందని సోఫీ లెరోయ్ 2009లో ప్రచురించిన పరిశోధన చూపింది. మినహాయింపు ఒక్కటే: మూడో పనికి ఎవరి నుంచైనా సమాచారం రావాలంటే ఆ ఉత్తరం మొదటి రోజే పంపండి. వారు సిద్ధం చేసేలోగా మీ మొదటి పని సాగుతుంది.

మధ్యలో లేవక తప్పనప్పుడు ఒక చీటీ రాయండి. "నివేదిక సగం అయింది" అని రాస్తే తిరిగొచ్చాక మళ్లీ మొదటి నుంచి చదువుకోవాలి. నా చీటీ ఇలా ఉంటుంది: "మూడో పట్టికలో మొత్తం కుదరలేదు. ఏడో వరుస అంకెను అసలు రసీదుతో సరిచూడాలి. ఆ తర్వాత ముగింపు." అర నిమిషం పని. రాయకుండా కుర్చీ వదలకండి.

అభ్యాసం: మూడు పనిదినాలు అంకెల వరుసలోనే పని చేయండి. వరుస మారిస్తే ఎవరి మాట మీద మార్చారో పక్కన రాయండి. చివరి అంకె పడిన పని ఎవరిదో, వారికి ఈ రోజే స్వయంగా చెప్పండి: "మీ పని గురువారం మొదలుపెట్టి శనివారానికి ఇస్తాను." చాలామంది ఇక్కడే తడబడతారు. వారేమన్నారో కూడా రాసి పంపండి, వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.