లెదర్ టాబ్లెట్ కేసు: పెచ్చులు, తెల్ల మచ్చలు, జిడ్డు, పగుళ్లు - ఏది ఎందుకు, ఏం చేయాలి

ఏం రాయాలి అన్నదాని కంటే ముందు కేసు దేనితో చేశారో తేల్చుకోవాలి. లెదర్ అని అమ్మేవాటిలో చాలావాటికి తోలుతో సంబంధమే ఉండదు. కెమెరా రంధ్రం అంచునో, లోపలి జేబు అంచునో వెలుతురులో చూడండి. మందమంతా పీచుపీచుగా ఉంటే తోలు. పైన సన్నటి ప్లాస్టిక్ పొర, దాని కింద నేత గుడ్డ కనిపిస్తే పీయూ (పాలియురెథేన్), అంటే వాడుకలో రెక్సిన్. నీటి చుక్క వేసి తేల్చేద్దామనుకోవద్దు. పైన గట్టి పూత ఉన్న అసలు తోలు కూడా నీటిని పీల్చదు.

పైపొర పెచ్చులుగా ఊడుతోంది, లేదా చేతికి అంటుకుంటోంది

ఇది పీయూ కేసుల జబ్బు. గాలిలో తేమ, వేడి, చేతి చెమట కలిసి పాలియురెథేన్ పొరను విడగొడతాయి. వాడకుండా బీరువాలో దాచినా ఇదే జరుగుతుంది. క్రీము, నూనె, పాలిష్ ఏవీ పనిచేయవు. మడత దగ్గర కొంచెమే లేచి ఉంటే, పీకకుండా చిన్న కత్తెరతో అంచు కత్తిరించండి, కొన్నాళ్లు నడుస్తుంది. జిగురుగా మారిందంటే మాత్రం పారేయడమే, లేకపోతే ఆ జిగురు స్క్రీన్‌కు పడుతుంది.

తెల్లటి పొర లేదా మచ్చలు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, ఎందుకంటే ఇవి రెండు రకాలు. హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో, 20 సెంటీమీటర్ల దూరం నుంచి కొన్ని సెకన్లు చూపించండి. తెలుపు కరిగి మాయమైతే అది తోలులోంచి పైకి తేలిన కొవ్వో మైనమో. మెత్తటి పొడి గుడ్డతో రుద్దితే సరి. కొబ్బరినూనె రాసిన కేసుల మీద చలికాలం పొద్దున ఇది ఎక్కువగా కనిపిస్తుంది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది మరి.

వేడికి చెక్కుచెదరకుండా, చుక్కలు చుక్కలుగా, ముక్క వాసనతో ఉంటే అది బూజు. వానాకాలంలో, సముద్రతీర ఊళ్లలో కేసును ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పెడితే తప్పకుండా వస్తుంది.

1. టాబ్లెట్ తీసేసి, కేసును ఇంటి బయటికి తీసుకెళ్లండి. ముక్కుకు మాస్కు పెట్టుకుని మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. ఇంట్లో దులిపితే బూజు పక్క వస్తువులకు పాకుతుంది.
2. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమపాళ్లలో కలిపి గుడ్డను కాస్త తడపండి, కారేంతగా కాదు. ముందు లోపలి మూల తుడిచి పది నిమిషాలు ఆగండి. రంగు గుడ్డకు అంటితే ఈ మిశ్రమం వాడొద్దు, పొడి బ్రష్‌తోనే సరిపెట్టండి.
3. కుట్టు సందులతో సహా తుడిచి, కేసును తెరిచి, నీడలో ఫ్యాను గాలికి ఒక రోజు ఆరనివ్వండి.
4. పూర్తిగా ఆరాకే లెదర్ కండిషనర్ (తోలును మెత్తగా ఉంచే క్రీము) పలుచగా రాయండి.

తర్వాత నూలు సంచిలో, రెండు మూడు సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. తేమ నిండాక ఆ పొట్లాలు పనిచేయవు, మార్చాలి. కలరా ఉండలు మాత్రం వద్దు. తేమను పీల్చవు సరికదా, వాసన తోలుకు పట్టేస్తుంది.

నల్లబడి జిడ్డుగా తయారైంది

వంటనూనె మరక కావచ్చు, మెరుపు కోసం మీరే రాసిన నూనె కావచ్చు. మరక మీద టాల్కం పౌడర్ గాని మొక్కజొన్న పిండి గాని రెండు మిల్లీమీటర్ల మందాన చల్లి, రాత్రంతా వదిలేసి, పొద్దున దులపండి. రెండు మూడు సార్లు చేస్తే పలుచబడుతుంది. పాత మరక పూర్తిగా పోదు.

మడత దగ్గర ఎండి పగుళ్లు

తోలు స్వభావం కాస్త ఆమ్లం, సబ్బుది క్షారం. సబ్బునీళ్లతో తుడిచిన కొద్దీ లోపలి కొవ్వు పోయి తోలు బిరుసెక్కుతుంది. చేతికి రాసుకున్న శానిటైజర్ ఆరకముందే కేసు పట్టుకుంటే పైపూత కూడా పోతుంది. ఎండలో నిలిపిన కారులో కేసు వదిలేస్తే సంగతి సరేసరి.

గీతల్లాంటి పగుళ్లకు మందు ఉంది. పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఒక్కో రెక్కకు శనగగింజంత కండిషనర్ గుడ్డ మీద తీసుకుని, మడతను తెరిచి మూస్తూ రాయండి. ఇరవై నిమిషాల తర్వాత మిగిలింది తుడిచేయండి. నాలుగైదు నెలలకోసారి చాలు. ఎక్కువైతే టాబ్లెట్‌ను పట్టి ఉంచే మూలలు సాగి వదులవుతాయి. పీచు కనిపించేంత లోతు పగులు మళ్లీ అతుక్కోదు.

వానలో తడిసింది

అద్దినట్టు తుడవండి, రుద్దొద్దు. ఎండలో, డ్రయ్యర్ కింద పెడితే తోలు ముడుచుకుపోతుంది. కేసును విప్పార్చి నీడలో ఒకటి రెండు రోజులు ఉంచండి. ఆరాక నీటి మరక అంచు గీతలా మిగిలితే, ఆ రెక్క మొత్తాన్ని తడిగుడ్డతో సమంగా తడిపి మళ్లీ ఆరబెట్టండి.

కుట్టు ఊడింది, లోపలి అట్ట విడిపోయింది

ఫెవిక్విక్ వేయొద్దు, ఆరాక ఆ చోటు గాజులా గట్టిపడి విరుగుతుంది. చెప్పులు కుట్టేవాళ్లు వాడే రబ్బరు గమ్మును రెండు వైపులా పలుచగా పూసి, వేలికి అంటనంతవరకు పది నిమిషాలు ఆగి, గట్టిగా నొక్కండి. కుట్టును మైనం పట్టించిన పాలిస్టర్ దారంతో, పాత రంధ్రాల్లోంచే వేయించండి. కొత్త రంధ్రాలు పొడిస్తే ఆ వరసలో తోలు చిరుగుతుంది.

మూత తెరిచినా స్క్రీన్ వెలగడం లేదు

ముందు మూత జేబులోని కార్డులు తీసి చూడండి. స్క్రీన్‌ను వెలిగించి ఆర్పేది మూతలోని అయస్కాంతమే, కార్డుల మందం వల్ల అది టాబ్లెట్ సెన్సరుకు దూరమవుతుంది. తడిసి ఆరిన మూత వంగినా ఇంతే. బరువైన పుస్తకాల కింద రెండు రాత్రులు ఉంచితే చాలావరకు చదునవుతుంది. మూతను వెనక్కి మడిచినప్పుడు స్క్రీన్ ఆరిపోతుంటే మాత్రం తోలుతో పనిలేదు. ఐప్యాడ్ అయితే సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్ కింద లాక్/అన్‌లాక్ ఆపేయండి.