కొండవాలులో రాతికట్టలకు మట్టపు గీత గీయడం ఎలా?

పాడేరు, అరకు వైపు కొండ పొలమున్న ఏ ఊరికి వెళ్లినా ఇప్పుడు ఒకటే మాట. కురిస్తే ఒక్కపూటలో కుండపోత, ఆగితే వారాల తరబడి ఎండ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను కాఫీ తోటల్లోని సిల్వర్ ఓక్ చెట్లను కూల్చేసింది. అలా నీడ పోయిన వాలుల్లో పైమట్టి మరీ తేలిగ్గా కొట్టుకుపోయి గెడ్డ (వాగు) పాలవుతుంది. అందుకని రాతికట్టలు కడుతున్నారు, మంచిదే. కానీ చాలామంది కంటిచూపుతో కట్టేస్తున్నారు. మట్టం తప్పిన కట్ట కంటే అసలు కట్ట లేకపోవడమే నయం. నీటినంతా ఒక చివరకు తోసుకెళ్లి అక్కడ గండి కొడుతుంది.

మట్టపు గీత అంటే వాలు మీద ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా ఒకే ఎత్తులో సాగే గీత. దాన్ని గీయడానికి ఇంగ్లిషు A అక్షరం ఆకారంలో ఒక చట్రం కట్టుకోవాలి. దానికి రెండేసి మీటర్ల ఎండు వెదుళ్లు రెండు, అడ్డానికి నాలుగడుగులది ఒకటి, తాడు, పిడికెడు రాయి, గూటాలు చాలు. పచ్చి వెదురు వద్దు, ఎండేకొద్దీ కట్లు వదులవుతాయి. వెదుళ్లను పైన ముడివేసి, కాళ్లు చాపి, అడ్డకర్ర కట్టండి. పై ముడి నుంచి రాయిని వేలాడదీయండి. తాడు అడ్డకర్రకు ఆనీ ఆననట్టు ఉండాలి.

పని చెడేది ఇక్కడే. అడ్డకర్రను టేపుతో కొలిచి నడిమధ్యన గీత గీసేస్తారు. అలా చేయకండి. చేత్తో కట్టిన చట్రానికి రెండు కాళ్లూ ఎప్పుడూ సమానంగా రావు. నేలలో రెండు గూటాలు దిగ్గొట్టి, వాటి తలల మీద కాళ్లు ఆనించండి. రాయి ఊగడం పూర్తిగా ఆగాక, తాడు అడ్డకర్రను దాటే చోట బొగ్గుతో గీయండి. తరువాత చట్రాన్ని తిప్పి, ఎడమ కాలు ఉన్నచోట కుడికాలు, కుడి ఉన్నచోట ఎడమకాలు పెట్టి మళ్లీ గీయండి. ఈ రెండు గీతలకూ సరిగ్గా నడుమ ఉన్నదే మట్టం. అక్కడ కర్ర చుట్టూ కత్తితో గాటు పెట్టండి, బొగ్గు చెరిగిపోతుంది. గాలి వీస్తుంటే ఆగండి. రోజూ పొద్దున్నే సరిచూడండి, చట్రం కిందపడినా సరిచూడండి.

ఇంత చాదస్తం ఎందుకంటే, చట్రం వేసే అంగ రెండు మీటర్లు, ఆ అంగకు ఒక్క సెంటీమీటరు తేడా వచ్చినా యాభై అంగలకు, అంటే వంద మీటర్లకు, గీత అర మీటరు దిగిపోతుంది. అందుకే చట్రాన్ని ఎత్తి ముందుకు జరపకూడదు. ఒక కాలిని ఇరుసుగా ఉంచి రెండోదాన్ని తిప్పుతూ నడిపించాలి. ముందు కాలు మారుతూ ఉంటుంది కాబట్టి ఒక అంగలో వచ్చిన తేడాను తరువాతి అంగ సరిచేస్తుంది. తాడు గాటు మీదికి వచ్చేదాకా ముందు కాలిని ఎగువకో దిగువకో జరిపి, కుదిరిన చోట గూటం కొట్టండి. ఫోనులో మట్టం చూపే యాప్ ఉందిగా అంటారు కుర్రాళ్లు. ఫోను ఆనించిన కర్ర వంకరైతే లెక్కంతా వంకరే.

మిగతాది తేలిక. పై వరుసతోనే మొదలుపెట్టాలి, లేకపోతే పైనుంచి వచ్చే నీరు కింది కట్టను తోసేస్తుంది. గూటాల వెంట జానెడు లోతు తవ్వి పెద్ద రాళ్లు దిగువ వైపు, చిన్నవి ఎగువ వైపు, అన్నీ కొండకు ఒరిగేలా పేర్చండి. సిమెంటు పూయకండి, సందుల్లోంచి నీరు మెల్లగా పోవాలి. కట్టకూ కట్టకూ మధ్య దిగుడు మీటరు దాటకూడదు. కట్ట ఎగువన కంది విత్తండి.

మొదటి పెద్దవాన మర్నాడు కట్ట వెంట నడవండి. మట్టి ఒకచోట పేరుకుని మరోచోట కోసుకుపోతే అక్కడ గూటం తప్పిందన్నమాట. ఆ నాలుగు గూటాల మేర మళ్లీ కొలవండి, కట్టంతా పీకకండి.