మ్యాచ్ ముగిశాక మోగే ఫోన్లు: ఫుట్‌బాల్ ఫోన్-ఇన్ షో నడిపే పద్ధతి

బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం 3 గంటలకు మొదలైన మ్యాచ్‌లు 5 అయ్యేసరికి ముగుస్తాయి. స్టేడియం నుంచి బయటపడ్డ అభిమానికి లోపలి కోపమో సంతోషమో ఇంకా చల్లారి ఉండదు. దాన్ని నమ్ముకునే బీబీసీ రేడియో 1991లో డానీ బేకర్ ప్రజెంటర్‌గా, శ్రోతలు ఫోన్ చేసి మాట్లాడే ‘606’ అనే షోను మొదలుపెట్టింది. సాయంత్రం 6 గంటల 6 నిమిషాలకు వచ్చేది కాబట్టి ఆ పేరు. స్టూడెంట్ రేడియోలోనో కమ్యూనిటీ స్టేషన్‌లోనో అలాంటి షో చేయాలనుకునేవాళ్లకు పనికొచ్చే వివరాలివి.

మాటకారి ప్రజెంటర్ దొరికితే చాలనుకోవద్దు. షో నిలబడినా పడిపోయినా ముందుగా ఫోన్ ఎత్తే మనిషి వల్లే. కనీసం ముగ్గురుండాలి: ప్రజెంటర్, ప్రొడ్యూసర్, కాల్స్ తీసుకునేవారు. కాల్స్‌కు ఇద్దరుంటే మరీ మంచిది.

కాల్ రాగానే పేరు, ఊరు, టీమ్, ఇవాళ మ్యాచ్‌కి వెళ్లారా లేదా అన్నవి అడగాలి. ఆ తర్వాతే అసలు ప్రశ్న. ‘దేని గురించి మాట్లాడతారు?’ అంటే అందరూ ‘రెఫరీ గురించి’ అనే అంటారు. అక్కడ ఆగకుండా ‘ఏ నిర్ణయం? ఎన్నో నిమిషంలో? దానివల్ల ఏం మారింది?’ అని అడగండి. దీనికి జవాబు లేనివాళ్లు ఎయిర్‌లో (ప్రసారంలో) అర నిమిషానికే ఖాళీ అయిపోతారు. జవాబు ఉంటే ప్రజెంటర్ స్క్రీన్ మీద ఒక్క లైన్ రాయాలి: ‘డేవ్, లీడ్స్, మ్యాచ్‌కి వెళ్లాడు. 70వ నిమిషంలో డిఫెండర్‌ని మైదానంలోకి దింపడం వల్లే ఓడామంటాడు, కానీ మేనేజర్ పోవాలనడు.’ ఆ చివరి ముక్క చాలా విలువైనది. ప్రశ్న ఎక్కడ వేయాలో ప్రజెంటర్‌కి అదే చూపిస్తుంది.

ఇంకో జాగ్రత్త. కాలర్ (ఫోన్ చేసిన మనిషి) కథంతా ఫోన్ ఎత్తిన మీకే చెప్పేస్తే, ఎయిర్‌లో చెప్పేది రెండోసారి అవుతుంది, చప్పగా ఉంటుంది. రెండు వాక్యాలు వినగానే ‘బాగుంది, ఇదే మాట ప్రజెంటర్‌తో చెప్పండి’ అని ఆపేయాలి. నంబర్ రాసుకుని మీరే తిరిగి చేస్తే ఖర్చు వాళ్లమీద పడదు, లైన్ ఎలా ఉందో కూడా తెలుస్తుంది. స్పీకర్‌ఫోన్ వద్దు, ఫోన్ చెవికి పెట్టుకోమనండి. డ్రైవింగ్‌లో ఉంటే సురక్షితమైన చోట కారు ఆపి, ఇంజన్ కట్టేశాకే మాట్లాడించాలి. ఫోన్ చేత్తో పట్టుకుని కారు నడపడం బ్రిటన్‌లో నేరం.

ఇంట్లో రేడియో పూర్తిగా ఆపేయమని తప్పకుండా చెప్పాలి. డిజిటల్ రేడియోలో శబ్దం కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది, ఇంటర్నెట్ స్ట్రీమ్‌లో ఇంకా ఎక్కువ. తన గొంతే ఆలస్యంగా వినిపిస్తే ఎంత ధైర్యవంతుడైనా మాట మధ్యలో ఆగిపోతాడు.

అదే గందరగోళం మీ మిక్సర్ (మైకులు, ఫోన్ శబ్దాలను కలిపే పరికరం) నుంచి కూడా రావచ్చు. కాలర్‌కి వెళ్లే శబ్దంలో అతని గొంతు తప్ప మిగతావన్నీ ఉండాలి. దీన్నే మిక్స్-మైనస్ అంటారు. చిన్న మిక్సర్‌లో అయితే ఒక ఆక్స్ అవుట్‌పుట్‌ను (శబ్దాన్ని విడిగా బయటికి పంపే దారి) ఫోన్ ఇంటర్‌ఫేస్‌కి (మిక్సర్‌ను ఫోన్ లైన్‌తో కలిపే పరికరం) కలిపి, ప్రజెంటర్, గెస్ట్, జింగిల్ ఛానెళ్లలో ఆ ఆక్స్ నాబ్ పెంచి, కాలర్ ఛానెల్‌లో మాత్రం సున్నా దగ్గర ఉంచండి. ఆక్స్ ప్రీ-ఫేడర్‌లో ఉండాలి, అంటే ఫేడర్ (ఛానెల్ శబ్దాన్ని పెంచి తగ్గించే మీట) ప్రభావం దాని మీద పడకూడదు, లేకపోతే ప్రజెంటర్ ఫేడర్ దించగానే కాలర్‌కి నిశ్శబ్దమే మిగులుతుంది. ఇద్దరు కాలర్లు ఒకరితో ఒకరు మాట్లాడాలంటే రెండు వేర్వేరు ఆక్స్‌లు కావాలి. షోకి ముందు స్నేహితుడికి ఫోన్ చేసి ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమనండి. తన అంకెలు తనకే తిరిగి వినిపిస్తే ఎక్కడో లీక్ ఉన్నట్టే. మామూలు ఫోన్ లైన్ దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది, కాబట్టి మిక్సర్‌లో బేస్ (కింది స్థాయి శబ్దం) పెంచితే గుయ్యిమనే శబ్దమే వస్తుంది, గొంతు బాగుపడదు.

బూతు మాట దొర్లితే కోసేయడానికి ఏడు సెకన్ల డిలే పెట్టడం, అంటే స్టూడియోలో మాట ఏడు సెకన్లు ఆలస్యంగా ప్రసారమయ్యేలా చేయడం పరిపాటి. కోసే బటన్ నొక్కితే ఆ సెకన్లు ఖర్చయిపోతాయి. అవి మళ్లీ నిండేవరకు కోపంగా ఉన్న కాలర్‌ని తీసుకోకండి. అయితే పరువునష్టం సంగతి బటన్‌కి తెలియదు, ప్రొడ్యూసరే కనిపెట్టాలి. ‘రెఫరీ తప్పు చేశాడు’ అనేది అభిప్రాయం, ‘డబ్బు తీసుకున్నాడు’ అనేది ఆరోపణ. రెండోది వినగానే కోసేయాలి. అది ఎయిర్‌లోకి జారిపోతే ‘దానికి ఆధారం లేదు’ అని ప్రజెంటర్ వెంటనే అనాలి. 97 మంది లివర్‌పూల్ అభిమానులను బలిగొన్న హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాట (1989), మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లు చనిపోయిన మ్యూనిక్ విమాన ప్రమాదం (1958) లాంటివాటితో ప్రత్యర్థిని ఎగతాళి చేసేవాళ్లకు రెండో అవకాశమే ఇవ్వొద్దు. ప్రజెంటర్‌కీ హద్దులుంటాయి: ఒక రెఫరీ మీద విరుచుకుపడ్డందుకు 1997లో డానీ బేకర్‌నే 606 నుంచి తప్పించారు.

కాల్స్ వరుస కూడా ముఖ్యమే. ఆ రోజు పెద్ద మ్యాచ్ చూసి వచ్చినవాళ్లతో మొదలుపెట్టి, వెంటనే ప్రత్యర్థి అభిమానిని తీసుకోండి. వదిలేస్తే లైన్లన్నీ మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్, ఆర్సెనల్ వాళ్లతోనే నిండిపోతాయి. ఒకే క్లబ్ నుంచి వరుసగా ముగ్గురు రాకూడదు, కింది డివిజన్ జట్టుకి ఒక చోటు ఉంచాలి. గ్లాస్గోలో అయితే అక్కడి బద్ధ ప్రత్యర్థి క్లబ్‌లు సెల్టిక్, రేంజర్స్ అభిమానులిద్దరికీ సమానంగా దక్కుతోందా అని వినేవాళ్లే లెక్క చూస్తారు. ఒక్కో కాల్‌కి రెండు మూడు నిమిషాలు చాలు. ఎప్పుడూ ముగ్గురు సిద్ధంగా లైన్‌లో ఉండాలి.

ప్రజెంటర్ వెంటనే వాదనకు దిగకూడదు. మొదట ‘ఎందుకలా అంటున్నారు?’, తర్వాత ‘మరి ఎవరిని ఆడించాల్సింది?’. కాలర్ బిగుసుకుపోతే ‘ఏ స్టాండ్‌లో కూర్చున్నారు? గోల్ అక్కణ్ణుంచి ఎలా కనిపించింది?’ అని అడగండి, కళ్లతో చూసింది చెప్పడం అందరికీ వచ్చు. పక్కన మాజీ ఆటగాడు ఉంటే అతను కాదన్న తర్వాత మాట మళ్లీ కాలర్‌కే ఇవ్వాలి. 606లో మాజీ ఆటగాళ్లు రాబీ సావేజ్, క్రిస్ సట్టన్ మాటల పోట్లాట ఎంత సరదాగా సాగినా, ఫోన్ చేసినవాళ్లు పక్కకు నెట్టబడితే అది ఫోన్-ఇన్ కాదు.

షో అయిపోవడానికి పది నిమిషాల ముందే, ఇక ఎయిర్‌లోకి రాలేని వాళ్లకు ఆ మాట చెప్పి పంపండి. గంటసేపు వేచి ఉన్న మనిషికి చెప్పాపెట్టకుండా లైన్ కట్ చేస్తే మళ్లీ చేయడు. వాళ్లలో మంచి పాయింట్ ఉన్నవారిని అడిగి, సరేనంటేనే నంబర్ ఉంచుకుని, వచ్చే శనివారం మొదటి కాల్ వాళ్లకే చేయండి.