ఆల్టర్నేటివ్ మ్యూజిక్ కావాలా? ముందు ఆ పేరుతో వెతకడం మానేయండి

ఏ యాప్‌లోనైనా ఆల్టర్నేటివ్ అని కొట్టి చూడండి, ముందు వరసలో స్టేడియాలు నింపే బ్యాండ్లే కనిపిస్తాయి. ఇంత పెద్దవాళ్లు దేనికి ప్రత్యామ్నాయం అని అనుమానం వస్తే తప్పు మీది కాదు.

1980లలో అమెరికాలో పెద్ద కంపెనీలు పట్టించుకోని పాటల్ని కాలేజీ రేడియోలు వేసేవి, చిన్న లేబుళ్లు (రికార్డు కంపెనీలు) అచ్చేసేవి. జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే ఊళ్లో 1980లో మొదలైన ఆర్.ఈ.ఎం. బ్యాండ్ అలా పైకొచ్చిందే. 1988లో అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ ఈ రకం పాటలకు విడిగా చార్టు పెట్టింది. 1992 జనవరిలో నిర్వాణ బ్యాండ్ రెండో ఆల్బమ్ మైఖేల్ జాక్సన్‌ని కిందికి నెట్టి నంబర్ వన్ అయ్యాక ఇక చెప్పేదేముంది, సందు కాస్తా హైవే అయిపోయింది. అప్పట్నుంచి ఆల్టర్నేటివ్ అన్న మాట ఒక సౌండ్‌కి పేరుగా మిగిలింది. నా దృష్టిలో మాత్రం పాట ఎలా ఉందన్నది కాదు, ఎవరు డబ్బు పెట్టారు, ఎవరిని అడిగి చేశారు అన్నదే అసలు తేడా. మన దగ్గరైతే లెక్క ఇంకా తేలిక, సినిమాది కాని పాట ఏదైనా ప్రత్యామ్నాయమే (ఆ లెక్కన ఆకాశవాణి లలిత గీతాలు మన మొదటి ఇండీ, అంటే పెద్ద కంపెనీల అండ లేని సంగీతం, అంటాను, నవ్వుకోండి).

సరే, వెతకడం. మొదట రేడియో. సియాటిల్‌లోని కెఇఎక్స్‌పి, లండన్‌లోని ఎన్‌టిఎస్ రెండూ నెట్‌లో ఉచితం, ఏ పాట వేశారో పేరుతో సహా చూపిస్తాయి. మనం రాత్రి భోజనానికి కూర్చునే వేళకి సియాటిల్‌లో పొద్దున షో నడుస్తుంటుంది, పక్కన పెట్టుకుని వినండి, నచ్చిన పేరు రాసుకోండి.

ఆ పేరుతో బ్యాండ్‌క్యాంప్‌కి, అంటే కళాకారులు తమ పాటల్ని నేరుగా అమ్ముకునే సైట్‌కి, వెళ్లండి. అసలు గని ఇదే. ఆల్బమ్ పేజీలో దాన్ని కొన్నవాళ్ల బొమ్మలు చిన్నచిన్నగా కనిపిస్తాయి, అందులో ఒకదాన్ని నొక్కితే ఆ మనిషి కొన్నవన్నీ బయటపడతాయి. మీ అభిరుచికి దగ్గరగా ఉన్నవాళ్లు ఒక్కరు దొరికితే నెల రోజులకి సరిపడా పాటలు దొరికినట్టే, నేను ప్లేలిస్టులు నమ్ముకుని అవే ఇరవై బ్యాండ్లు తిప్పితిప్పి విన్న రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఊరి పేరు ట్యాగ్‌తో కూడా వెతకొచ్చు, హైదరాబాద్ అని కొట్టి చూడండి. కొనాలనుకుంటే బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే (సైట్ ముందే ప్రకటించే కొన్ని శుక్రవారాలు) దాకా ఆగండి, ఆ రోజు సైట్ తన వాటా తీసుకోదు.

లేబుల్ పేరు కూడా చూడండి. నిర్వాణ మొదటి ఆల్బమ్ వేసిన సబ్ పాప్, లండన్‌లో 1980లో పుట్టిన 4ఎడి లాంటివి ఇంకా పనిచేస్తున్నాయి. ఒక పాట నచ్చితే ఆ లేబుల్‌లో మిగతావాళ్లనీ తిరగేయండి.

తెలుగులో అయితే యూట్యూబే దిక్కు. తెలుగు ఇండీ అని వెతికితే సగం సినిమా పాటల కవర్లే (వేరేవాళ్లు మళ్లీ పాడినవే) వస్తాయి, చిరాకు పడకుండా కింద వివరాలు తెరవండి. రాసిందీ, కట్టిందీ, పాడిందీ ఆ బ్యాండ్ వాళ్లే అయితే ఆగి వినండి. చౌరస్తా బ్యాండ్‌తో మొదలుపెట్టొచ్చు, సినిమాల్లో మీరు విన్న రామ్ మిరియాల గొంతు అక్కడిదే.