ఉబుంటు నత్తనడకా? ముందు ర్యామ్ లెక్క చూడండి

బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే చాలు, మౌస్ కూడా కదలకుండా మా పాత డెస్క్‌టాప్ బిగుసుకుపోయేది. ఉబుంటు (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) రెండుసార్లు కొత్తగా వేశాను, దండగ. చివరికి మెమరీ వాడకం చూపే సిస్టమ్ మానిటర్ తెరిస్తే ర్యామ్, అంటే కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ, 8 జీబీ ఉండాల్సిన చోట 3.8 చూపిస్తోంది, అంటే రెండు ర్యామ్‌లలో ఒకటి అసలు కనబడట్లేదన్నమాట.

షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. ర్యామ్‌లు తీసి, బంగారు రంగు పళ్లను పిల్లల పెన్సిల్ రబ్బరుతో రెండు వైపులా మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టు పూర్తిగా దులిపేసి, స్లాట్‌లో దుమ్ము ఊది, రెండు కొసలా టక్కుమనేదాకా నొక్కండి. నాకు పావుగంట పట్టింది, ఖర్చేమీ లేదు. నీళ్లు, గరుకు కాగితం మాత్రం వద్దు.

ఆ తర్వాత కూడా హ్యాంగ్ అవుతుంటే, ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో మెమరీ టెస్ట్ ఉంటే రాత్రంతా నడవనివ్వండి. ఎర్ర గీతలు కనిపిస్తే చాలావరకు ర్యామే పాడైనట్టు, రబ్బరుతో బాగుపడదు. ఒక్కోటే పెట్టి చూస్తే ఏది పోయిందో తెలుస్తుంది.